ముద్ర వేసిన రుమాలు

మా ఆఫీసులో ఏడవడం నా సీటు పని.

ఆర్డరు కాగితంలో సీనియర్ అసిస్టెంటు అనే ఉంటుంది. కానీ రాష్ట్ర తూకాల మండలి మా జిల్లా కార్యాలయంలో ఎవరు రిటైరైనా, ఎవరు బదిలీ మీద వెళ్లినా, ఎవరు పైకి పోయినా, చివర్లో లేచి మాట్లాడేది చిట్టూరి నరసింగరావే. అంటే నేనే. సన్మాన పత్రం రాసేదీ నేనే, దాన్ని వణికే గొంతుతో చదివేదీ నేనే. "రేపటి నుంచి ఆ కుర్చీ వంక ఎలా చూడగలం" అన్న చోట నా గొంతు సరిగ్గా పూడుకుపోతుంది. ఆ కుర్చీ కోసం అప్పటికే ఇద్దరు కొట్టుకుంటూ ఉంటారు, అది వేరే సంగతి. గొంతు పూడుకోగానే కళ్లజోడు తీయాలి. తీసిన వెంటనే కళ్లు తుడుచుకోకూడదు, ముందు వరసలో ఆడవాళ్లు చూసేదాకా ఆగాలి. ఇదొక విద్య. ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదని పెద్దలన్నారు గానీ, ఆ పెద్దలెవరూ మా ఆఫీసులో పని చేయలేదు.

మా మండలి ఏం చేస్తుందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కొట్లలో తక్కెడలూ రాళ్లూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి ముద్ర వేయడం మా పని. రాళ్లంటే తూకం రాళ్లు. ఇనప రాయి అడుగున చిన్న సీసం బిళ్ల ఉంటుంది. దాని మీద అంకె చెక్కిన ఉలి పెట్టి సుత్తితో ఒక్కటిస్తే ఆ ఏటి గుర్తు పడుతుంది. ముద్ర లేని రాయి మా దృష్టిలో రాయే కాదు.

సంతలకు పోయి ఈ ముద్రలు వేసేవాడు వాసంశెట్టి అబ్బులు. మనిషి ముక్కోపి. గడువు దాటిన రాయి కనపడితే కొట్టువాణ్ణే కాదు, చచ్చి స్వర్గాన ఉన్న వాడి తాతని కూడా కిందికి దింపి తిట్టేవాడు. నేనూ వాడూ ఒకేసారి ఉద్యోగంలో చేరాం. వాడు ముద్ర వేస్తుంటే పక్కన కూర్చుని అంకెలు రాసుకునే పని నాది. దారి పొడుగునా నన్నూ తిట్టేవాడు.

ఒక మంగళవారం సంతలో, సుత్తి చేతిలో ఉండగానే, అబ్బులు గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది.

సంతాప సభలో నేను నా సర్వీసు మొత్తం మీద అంత గొప్పగా ఎప్పుడూ ఏడవలేదు. చిరునవ్వుకి చొక్కా తొడిగితే మా అబ్బులు అన్నాను. కోపమంటే ఎరగని మనిషన్నాను. జిల్లా అధికారి లింగమూర్తి గారంతటివారు ముక్కు ఎగబీల్చారు. హాలంతటికీ ఏడవని మనిషి ఒక్కతే. అబ్బులు భార్య గంగారత్నం. పదో తరగతి చదివే కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, పళ్లు బిగించి, దండ వేసిన ఫొటో వంక కళ్లార్పకుండా చూస్తూ కూర్చుంది. మా ఆఫీసు ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. నాకూ ఒళ్లు మండింది. నేనంత కష్టపడి ఏడుస్తుంటే, సొంత పెళ్లాం అయ్యుండి ఒక్క చుక్క రాల్చడానికి ఏం వచ్చిందీవిడకి అనుకున్నాను.

ఇది జరిగిన కొద్ది రోజులకే మా చైర్మన్ పరాంకుశం గారు కొండ మీది శిబిరానికి వెళ్లొచ్చారు. అప్పట్లో పెద్దవాళ్లంతా వెళ్తున్నారు. అక్కడ చెప్పులు విప్పించి, గుండ్రంగా కూర్చోబెట్టి, ఇన్నాళ్లూ మీరు ఎవరి కోసం నవ్వారు అని అడుగుతారట. చైర్మన్ గారు ఆలోచించుకుంటే, తాను మంత్రుల కోసం తప్ప ఎన్నడూ నవ్వలేదని తేలిందట. అక్కడికక్కడే భోరుమన్నారట. పక్కన కూర్చున్న సిమెంటు ఫ్యాక్టరీ యజమాని ఆయన్ని కావలించుకుని, ఇప్పుడు మీరు నిజమయ్యారు అన్నాడట. ఆయనొక్కరూ నిజమైపోయి ఊరుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. మండలి సిబ్బంది యావత్తూ నిజం కావాలని ఆయనకి పట్టుకుంది. శిబిరం నుంచి వచ్చాక ఆయన ఆఫీసులో చెప్పులు వేసుకోవడం మానేశారు. వెనకాలే అటెండరు ఆ చెప్పులు పట్టుకుని తిరిగేవాడు.

సర్క్యులరు వచ్చింది. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఇకమీదట కార్యాలయ వేళలయందు ఎవరునూ ఇతరుల మెప్పు కొరకు భావములు ప్రదర్శించరాదు. అంతరంగమున కలిగిన భావమును మాత్రమే, కలిగిన మోతాదులో, జాప్యము లేకుండా వ్యక్తపరచవలెను." మొదటిసారి చదివితే బాగానే ఉందనిపించింది. రెండోసారి చదివితే నా సీటు ఎగిరిపోయిందని అర్థమైంది.

మా వైపు ఎవరేం చెప్పినా జవాబు ఒక్కటే, ఆయ్. మెచ్చుకున్నా ఆయ్, తిట్టినా ఆయ్. ఆయ్ అన్నంత మాత్రాన పని చేస్తామనీ కాదు, చేయమనీ కాదు. మాకది ఊపిరి. మనస్ఫూర్తిగా అంగీకారం కలిగిన పక్షంలో తప్ప ఆయ్ అనరాదని సర్క్యులరుకి వివరణ జతచేశారు. మర్నాటి నుంచి లింగమూర్తి గారు ఏదైనా చెప్తే ఆఫీసులో చీమ చిటుక్కుమన్నా వినపడేది. అందరం ఎవరి అంతరంగంలోకి వాళ్లు తొంగి చూసుకుంటూ నిలబడేవాళ్లం. అంగీకారం ఎవరికీ కనపడేది కాదు.

ప్రతి శుక్రవారం లింగమూర్తి గారు ఇంటి నుంచి పులిహోర తెచ్చి అందరికీ పెట్టేవారు. ఏళ్ల తరబడి తిన్నాం, ఏళ్ల తరబడి అమృతం అన్నాం. ఆ శుక్రవారం ఆయన గుండె చిక్కబట్టుకుని, నిజం చెప్పండి ఎలా ఉంది అని అడిగారు. టైపిస్టు కుర్రాడు వీరాస్వామి, రూల్సంటే ప్రాణం వాడికి, ఇంగువ ఎక్కువండీ, పులుపు తక్కువండీ, సాయంత్రం దాకా రాయి మింగినట్టుంటదండీ అని చెప్పేశాడు. లింగమూర్తి గారు నవ్వబోయి, ఆ నవ్వు నిజమైనది కాదని తట్టి మధ్యలో ఆపేశారు. వారం తిరక్కుండా వీరాస్వామిని ఏజెన్సీ ఏరియాకి బదిలీ చేశారు. ఇదేం అన్యాయమండీ అని వాడు అడిగితే, ఇది నా అంతరంగమున కలిగిన భావం, కలిగిన మోతాదులోనే వ్యక్తపరిచాను, జాప్యం కూడా చేయలేదు అన్నారాయన.

ఇలాంటివి జిల్లా జిల్లాకీ జరిగేసరికి రెండో సర్క్యులరు వచ్చింది. పై అధికారులకి నొప్పి కలిగించే నిజాలు ముడి భావాలట. వాటిని శుద్ధి చేసుకున్నాకే బయట పెట్టాలట. ఇక చూడండి, ప్రతివాడూ గుండె మీద చెయ్యేసుకుని, శుద్ధి చేసిన నిజాలు చెప్పడం మొదలెట్టాడు. ఎదురుగా నిలబడి, సార్ మీరంటే నాకు లోపల్నించి తన్నుకొస్తందండి అనేవాడు ఒకడు. వెనకటికి ఉత్త నవ్వుతో పోయేది, ఇప్పుడు కళ్లు కూడా చెమర్చాల్సి వస్తోందని అందరూ నా దగ్గరే మొత్తుకునేవారు.

చైర్మన్ గారు కళ్లు లేనివారు కారు. ఏది నిజ భావం, ఏది నకిలీ భావం తేల్చే మార్గం చెప్పమని జిల్లా అధికారులందరినీ పిలిచి కూర్చోబెట్టారు. మా లింగమూర్తి గారు లేచారు. పులిహోర దెబ్బ నుంచి ఆయన ఇంకా తేరుకోలేదు.

"అయ్యా, మన మండలి చరిత్రలో కొలవలేనిదంటూ లేదు. ఉప్పు తూచాం, ఊక తూచాం. కన్నీరు ద్రవ పదార్థం."

బంగారం కొట్లను తనిఖీ చేయడానికి మా దగ్గర అద్దాల పెట్టెలో సున్నితపు త్రాసు ఒకటుంది. తెల్లటి రుమాలు ఒకటి ఉతికి, ఎండబెట్టి, మూల మీద మండలి ముద్ర వేసి, ముందు ఒకసారి తూచాలి. భావం కలిగిన ఉద్యోగి చేతికివ్వాలి. కలగడం అయ్యాక పట్టకారుతో తీసుకుని మళ్లీ తూచాలి. ఎంత పెరిగితే అంత భావం. రిటైర్మెంటుకి ఇంత, బదిలీకి ఇంత, మరణానికి ఇంత అని కనీస బరువులు ఖరారు చేశారు. చైర్మన్ గారు ఆనందం పట్టలేక, ఇది అంతరంగ పారదర్శకతకు తొలి తక్కెడ అన్నారు. ఆ ఆనందాన్ని కూడా తూచుకుందామన్నారు గానీ రుమాలు ఇంకా ఆరలేదు.

ఒక్క చిక్కు వచ్చింది. మే నెలలో మా ఊళ్లో రుమాలు వంక చూస్తేనే తడిసిపోతుంది. చెమట బరువు కన్నీటిలో కలిసిపోతోంది. దానికీ లింగమూర్తి గారే ఉపాయం చెప్పారు. మెడ వెనక ఇంకో రుమాలు వేసి, దాని బరువు ఇందులోంచి తీసేయాలి. ఉత్సాహం వస్తే మా వాళ్లని ఆపడం బ్రహ్మతరం కాదు.

తొలి పరీక్ష సూపరింటెండెంటు బుల్లిరాజు గారి రిటైర్మెంటు సభలో పెట్టారు. బుల్లిరాజు గారంటే నాకు పడదు, ఆ రోజు ఉదయం కొబ్బరికాయ కూడా కొట్టొచ్చాను. అయినా విద్య విద్యే. నా రుమాలు త్రాసులో వేస్తే పళ్లెం దబ్బున కిందికి పోయింది. లింగమూర్తి గారు నమ్మలేక రెండోసారి తూచారు. బుల్లిరాజు గారితో పాతికేళ్లుగా ఒకే క్యారేజీలో అన్నం తిన్న రికార్డుల సత్తెయ్య మాత్రం కాలి బొటనవేలితో నేల గీరుతూ కూర్చున్నాడు. వాడి రుమాలు వేసింది వేసినట్టే ఉంది. భావ లోపం కింద సత్తెయ్యకి మెమో ఇచ్చారు. జిల్లాలోకెల్లా నిజమైన ఉద్యోగినని నాకు శాలువా కప్పారు. పైగా రుమాళ్ల సంరక్షకుడిగా వేశారు. సీటు పోతుందనుకుంటే పెద్ద పీటే వేశారన్నమాట. ఇక సాయంత్రమైతే మా ఇంటి అరుగు మీద జనం. అందరికీ ఒకటే పాఠం చెప్పేవాణ్ణి. రెప్ప వేయకుండా ట్యూబులైటు వంక చూడండి, ఎంత నిజాయితీపరుడికైనా నీళ్లొస్తాయని.

అప్పుడు వచ్చింది గంగారత్నం ఫైలు.

ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం ఇవ్వాలని ఎప్పట్నుంచో రూలుంది. మామూలుగా అయితే రెండు సంతకాలతో తేలే పని. లింగమూర్తి గారు ఫైలు మీద ఒక సందేహం రాశారు. మండలి చూపే కారుణ్యం నిజమైనది కాబట్టి దరఖాస్తుదారు దుఃఖం కూడా నిజమైనదై ఉండవలెను గదా అని. సంతాప సభలో ఏడవలేదన్నది ఆఫీసంతా చూసిందే. దినకర్మ రోజున వంటవాణ్ణి తిట్టి పోసిందని కూడా సమాచారం వచ్చింది. చైర్మన్ గారికి ఈ సందేహం ఎంత నచ్చిందంటే, రాష్ట్రంలో మొదటి దుఃఖ నిర్ధారణకి స్వయంగా తనే వస్తానన్నారు. దుఃఖం నిర్ధారణ అయితే ఉద్యోగం. కాకపోతే ఫైలు మూసేసి, నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చేయించాలి. ఈ సంగతి ఆవిడకి చెప్పి రమ్మని నన్ను పంపారు.

వెళ్లేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని వంకాయలు తరుగుతోంది. మూల అబ్బులు ముద్రల పెట్టె ఉంది. చెల్లెమ్మా అని మొదలుపెట్టి, సర్క్యులరు, రుమాలు, త్రాసు, చెమట తీసివేత, అన్నీ విడమరిచి చెప్పాను. కత్తిపీట పక్కన పెట్టి మొత్తం విన్నది.

"ఏడిత్తే ఉజ్జోగం ఇత్తారా అన్నయ్య గోరూ?"

రుమాలు బరువెక్కితే ఇస్తారని చెప్పాను. ట్యూబులైటు పాఠం చెప్పాను. అదీ కుదరకపోతే చీర చెంగుకి ఉల్లిపాయ రసం పట్టించుకు రమ్మన్నాను. ఆ మాటతో ఆవిడ మొహం మారిపోయింది.

"నాకు ఏడుపు రాటం లేదండి. కోపం వత్తందండి. పొద్దున్న లేత్తే ఆయన మీద కోపం, పడుకుంటే కోపం. దొంగ తూకవేసే వోళ్ల రాళ్లు కాలవలో ఇసిరేయించిన మనిషండి ఆయన. ఆయన పేరు మీద నేను దొంగేడుపు ఏడిత్తే, పైనుంచి దిగొచ్చి మరీ తిడతాడు."

దిగొస్తే మంచిదేగా చెల్లెమ్మా అన్నాను, నోరు జారి. ఆవిడ నా వంక చూసింది. నవ్వబోయిందో ఏమో తెలియదు. మళ్లీ కత్తిపీట ముందుకి లాక్కుంది. ఇల్లు పోతుంది, పిల్ల చదువు ఆగిపోతుంది, ఈ పట్టుదల ఎవరిని ఉద్ధరించడానికని గట్టిగానే అడిగాను. వంకాయ ముక్కలు చాలా చిన్నవిగా పడ్డాయి. దారంతా ఆవిడని తిట్టుకుంటూ వచ్చాను.

నిర్ధారణ రోజు వచ్చింది. త్రాసు కదులుతుందని ఫ్యాన్లు ఆపేశారు. లోపల వేడి పుడుతుందని లైట్లు కూడా తీసేశారు. మధ్యలో చైర్మన్ గారు వట్టి కాళ్లతో కూర్చున్నారు. ఎదురుగా దండ వేసిన అబ్బులు ఫొటో. ఇత్తడి పళ్లెంలో రుమాలు పెట్టుకుని నేను నిలబడ్డాను. గంగారత్నం మెడ వెనక చెమట రుమాలు వేసి, అసలు రుమాలు చేతికిచ్చాను.

"అమ్మా, సంకోచించవద్దు. ఇక్కడ మీ మీద ఎవరి అంచనాలూ లేవు. పూర్తి స్వేచ్ఛతో, సహజంగా దుఃఖించండి. పావుగంట సమయం ఉంది," అన్నారు చైర్మన్ గారు.

ఆవిడ ఫొటో వంక చూస్తూ కూర్చుంది. అవే పళ్లు బిగించుకోవడం, అవే పొడి కళ్లు. లింగమూర్తి గారు సాయం చేద్దామని అబ్బులు సర్వీసు వివరాలు విషాదంగా చదివారు. సంపాదిత సెలవుల దగ్గర ఆయన గొంతే కొంచెం వణికింది. ఆవిడలో చలనం లేదు. సమయం సగం గడిచాక లేచి, రుమాలు మడత నలగకుండా తెచ్చి నా చేతిలో పెట్టేసింది.

"నాకు ఏడుపు రాటం లేదండి," అంది చైర్మన్ గారితో. "కోపంగా ఉందండి. ఆ రోజు పొద్దున్నే దెబ్బలాడుకున్నామండి. బీపీ మాత్రలు అయిపోయేయి, కొనుక్కుని మరీ సంతకెళ్లమన్నాను. రేపు కొంటాలే, అక్కడ గడువు దాటిన రాళ్లున్నాయన్నాడు. ఊళ్లో ప్రతి రాయికీ గడువు చూసే మనిషి, తన ఒంటికి చూసుకోలేదండి. ఎనక్కి తిరక్కుండా ఎల్లిపోయేడు. నేనూ పిలవలేదు."

చైర్మన్ గారు మెత్తగా అడ్డు వచ్చారు. వైధవ్యం కింద దుఃఖము, విరక్తి మాత్రమే అనుమతించాం తల్లీ, కోపానికి వేరే పద్దు లేదు అన్నారు.

"ఈ అన్నయ్య గోరు సంతాప సభలో చెప్పేరండి, ఆయన ఎప్పుడూ నవ్వుతా ఉండేవోడని. ఎక్కడ నవ్వేడండి? గుమ్మంలోకి రాటవే అరుసుకుంటా వచ్చేవోడు. చెప్పులు కనపడకపోతే అరుపు, కూరలో కారం తగ్గితే అరుపు. ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి ఇల్లు నోరు మూసుకుని కూకుంటందండి. నాకా అరిసే మనిషే కావాలి. మీరంతా పొగిడినాయన ఎవరో నాకు తెలవదు."

పొగిడింది నేనే. ఆ రోజు ఏమన్నానో గుర్తు తెచ్చుకోబోయాను. గుర్తుకొచ్చింది నా ఉపన్యాసం కాదు. సంత మధ్యలో, నలుగురూ వింటుండగా అబ్బులు పెట్టే కేక వినపడింది. ఒరేయ్ నర్సింగా, అంకె సరిగ్గా రాయరా సన్నాసీ. ఆ మంగళవారం తర్వాత నన్ను సన్నాసీ అన్నవాడు లేడు. అందరూ గారూ అనేవాళ్లే.

గొంతులో ఏదో అయింది. నేను చేసే పద్ధతి కాదది. కళ్లజోడు తీయడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. ముక్కు కారింది, నోరు వంకర పోయింది, ముందు వరస ఆడవాళ్లు చూస్తే అసహ్యించుకునేంత వికారంగా వచ్చింది. చేతిలో ఏ గుడ్డ ఉంటే దాన్ని మొహానికి అదుముకున్నాను. అందరూ ఆవిడనే చూస్తున్నారు. నా వంక ఎవరూ చూడలేదు. నేను ఏడవడం ఆ ఆఫీసులో ఎవరికి వింత గనక.

సమయం అయిందని లింగమూర్తి గారు పట్టకారుతో నా చేతిలోంచి రుమాలు అందుకున్నాకే నాకు తెలివొచ్చింది. పళ్లెం దబ్బున కిందికి పోయింది. ఇంకా రాళ్లు వేశారు, చాల్లేదు, ఇంకా వేశారు. చెమట బరువు తీసేశారు. అయినా మరణానికి ఖరారు చేసిన దానికి పైనే ఉంది. చైర్మన్ గారు లేచి నిలబడి చేతులు జోడించారు. బయటికి చుక్క కనపడకుండా ఇంత దుఃఖమా అన్నారు.

"అది నాది కాదండి," అంది గంగారత్నం. "నేను కళ్లు తుడుసుకోలేదు. అన్నయ్య గోరి మొకం చూడండి."

ఉద్యోగం కాళ్ల దగ్గరికి వస్తే తన్నేసిన మనిషిని నేను మొదటిసారి చూశాను. ఇక నాకూ దాచడానికేం మిగల్లేదు. నాదేనండి, నేనే ఏడ్చానండి, అబ్బులు నా స్నేహితుడండి అన్నాను. ఆ హాల్లో నిలబడి నేను చెప్పిన మొట్టమొదటి నిజం అదేననుకుంటాను.

లింగమూర్తి గారు చైర్మన్ గారి చెవి దగ్గర వంగారు. నెమ్మదిగానే అన్నారు గానీ మాకూ వినపడింది.

"ఈయన దుఃఖం సంతాప సభలోనే పూర్తయిపోయిందండి. ఒకే మరణానికి రెండోసారి దుఃఖించడానికి రూల్సు ఒప్పుకోవు."

చైర్మన్ గారు కళ్లు మూసుకుని ఆలోచించి తీర్పు చెప్పారు. మనుషులు అబద్ధమాడతారు, తక్కెడ ఆడదు. తన దుఃఖం తనది కాదనడం దుఃఖానికి పరాకాష్ఠ అని శిబిరంలో స్పష్టంగా చెప్పారు. కాబట్టి ఈమె కాదన్న కొద్దీ అది ఈమెదే. గంగారత్నం మళ్లీ కాదంది. చూశారా అన్నారాయన. అక్కడికి ఫైలు మీద సంతకం పడిపోయింది. పరుల దుఃఖాన్ని తనదిగా చెప్పుకుని కమిటీని తప్పుదోవ పట్టించబోయినందుకు నాకు మెమో ఇచ్చారు. సంజాయిషీ రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను. ఇప్పటికీ రాయలేకపోయాను.

అబ్బులు పనే ఆవిడకి ఇచ్చారు. ఆ పెట్టె, ఆ సుత్తి, ఆ మంగళవారం సంత. పక్కన కూర్చుని అంకెలు రాసుకునే పని మళ్లీ నాకే పడింది. మొదటి రోజు సుత్తి ఎత్తి కొడితే పక్క కొట్లవాళ్లు ఉలిక్కిపడ్డారు. అంకె సీసంలోకి దిగబడిపోయి, కనపడ్డమే మానేసింది. ఎండు చేపలమ్మే ఆయన తన రాయి చేతిలోకి తీసుకుని, ఇదేం పాపం చేసిందమ్మా అన్నాడు. గడువు దాటిన రాయి తెచ్చినవాణ్ణి ఆవిడ వాడి తాత దగ్గర్నించీ తిట్టేది. అబ్బులే తిరిగొచ్చేడ్రా బాబూ అనుకునేవారు సంతలో. ఆ దెబ్బల్లో ఏముందో నాకు తెలుసు. దాన్ని తూచే పద్ధతి మా మండలి ఇంకా కనిపెట్టలేదు.

అలా వర్షాకాలం గడిచింది. ఒక మంగళవారం చింతపండు అమ్మే ముసలమ్మ ఒక రాయి తెచ్చి ముందు పెట్టింది.

"ఆ రోజు అబ్బులు బాబు ఏత్తా ఏత్తా పడిపోయేడమ్మా. సగవే పడ్డాది. మళ్లీ ఏసెయ్యి."

సగం ముద్ర చెల్లదు. దాని మీదే కొత్తది కొట్టాలి, అది రూలు. గంగారత్నం రాయి తిరగేసి ఒళ్లో పెట్టుకుంది. ఒక పక్కకి ఒరిగి ఆగిపోయిన ఆ గుర్తుని బొటనవేలితో తడిమింది. అలా తడుముతూనే చాలాసేపు కూర్చుంది. ఉలి దాని మీద పెట్టలేదు, పక్కన కాస్త జాగా చూసి పెట్టింది. సుత్తి ఎంత మెల్లగా దించిందంటే, పడ్డాదామ్మా అని ముసలమ్మ అడగాల్సి వచ్చింది. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

ఇద్దామని జేబులో చెయ్యి పెట్టి రుమాలు తీశాను. మూల మీద మండలి ముద్ర కనపడింది. మళ్లీ జేబులో కుక్కేసి, ఎండు చేపల కొట్టు వంక చూస్తూ కూర్చున్నాను. ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుంది. ముక్కు చీదింది. ఇంకో రాయి ముందుకి లాక్కుంది.

"ఎటో చూత్తారేంటండి అన్నయ్య గోరూ? అంకె సరిగ్గా రాయండి," అని కేకేసింది, సంతంతా వినపడేలా.

ఆయ్ అన్నాను. సర్క్యులరు వచ్చాక దాని ప్రకారం నేను అన్న ఆయ్ అదొక్కటే.